తెర ముందు ఎవరెవరు కూర్చుంటారు?

ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, తూర్పు తీరమంతటా మరబోట్ల వేట ఆగిపోతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక ప్రభుత్వం విధించిన నిషేధమది. ఆ రెండు నెలలూ విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు జెట్టీల వెంట ఒకదానికొకటి ఆనుకుని నిలిచి ఉంటాయి. రోజుల తరబడి కడలి మీద గడిపేవారు ఇంటిపట్టున ఉంటారు. వారితో పాటు ఐసు మోసేవారికి, చేపల వ్యాన్లు నడిపేవారికి, తూకాల దగ్గర కూలి చేసేవారికి కూడా పని పలచబడుతుంది. సరిగ్గా అదే సమయంలో పిల్లలకు వేసవి సెలవులు వస్తాయి. ఇల్లు నిండుతుంది, చేయి ఖాళీ అవుతుంది.

ఇలాంటి రోజుల్లోనే చాలా ఇళ్లలో ఒక మాట వినిపిస్తుంది: "సినిమాలూ, ధారావాహికలూ చూసుకోవడానికి ఒక ల్యాప్‌టాప్ కొంటే ఎలా ఉంటుంది?" కోరిక తప్పు కాదు. అయితే సాధారణమైన కొత్త ల్యాప్‌టాప్ కొనాలన్నా ముప్పై, నలభై వేల రూపాయలు పెట్టవలసి ఉంటుంది. నిషేధ కాలానికి మత్స్యకార కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం 2025లో అందించిన సాయం 20,000 రూపాయలు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ కొనుగోలు ఎంత ఆలోచించి చేయవలసినదో అర్థమవుతుంది. హార్బర్‌తో సంబంధం లేని ఇళ్లకు కూడా ఈ లెక్క వర్తిస్తుంది. నెలజీతం మీద బతికే కుటుంబానికి నలభై వేలు చిన్న మొత్తం కాదు.

కనుక ఈ వ్యాసంలో మేము ఒకే విషయాన్ని స్పష్టం చేయదలిచాము. సినిమాలు చూడటానికి కొనే ల్యాప్‌టాప్‌లో డబ్బు పెట్టవలసినది కంటికీ, చెవికీ, మన్నికకూ. దుకాణదారుడు ముందుగా చూపించే ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డుల గొప్పలకు కాదు. అంతకంటే ముందు, ఆ తెర ఎదుట కూర్చునేది ఒక్కరా, ఇంటిల్లిపాదా అన్నది తేల్చుకోవాలి.

కొలతలు చెప్పే నిజం

15.6 అంగుళాల ల్యాప్‌టాప్ అంటే పెద్దదే అనుకుంటాము. ఆ కొలత మూల నుండి మూలకు తీసినది. తెర అసలు వెడల్పు సుమారు 34.5 సెంటీమీటర్లు, ఎత్తు సుమారు 19.4 సెంటీమీటర్లు. నేటి సినిమాలు చాలావరకు వెడల్పాటి చట్రంలో, అంటే వెడల్పు ఎత్తుకు 2.39 రెట్లు ఉండేలా తీస్తారు. అలాంటి సినిమా ఈ తెర మీద పడినప్పుడు పైనా కిందా నల్లని పట్టీలు వస్తాయి. మధ్యలో మిగిలే బొమ్మ ఎత్తు దాదాపు 14.4 సెంటీమీటర్లు మాత్రమే. జానెడు కూడా లేదన్నమాట.

ఈ మధ్య 16 అంగుళాల ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా వస్తున్నాయి. వాటిలో చాలావాటి తెర కాస్త నిలువుగా, 16:10 నిష్పత్తిలో ఉంటుంది. లెక్క వేసి చూస్తే దాని వెడల్పు కూడా 34.5 సెంటీమీటర్లే. పెరిగినదంతా ఎత్తులోనే. పాఠాలు చదువుకోవడానికి, ఉత్తరాలు టైపు చేయడానికి ఆ ఎత్తు మేలు చేస్తుంది. వెడల్పాటి సినిమాకు మాత్రం నల్లపట్టీలే పెరుగుతాయి, బొమ్మ వెంట్రుకవాసి కూడా పెరగదు. సినిమా కోసమే 16 అంగుళాలకు అదనపు సొమ్ము చెల్లించేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇప్పుడు ఇంట్లో ఉన్న టీవీని తలచుకోండి. 32 అంగుళాల టీవీ ఈనాడు చిన్నదిగా లెక్క. అయినా దాని తెర వైశాల్యం 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ కంటే నాలుగు రెట్లు పైగా ఉంటుంది. అమ్మీ, అబ్బా, ముగ్గురు పిల్లలు ఒక ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే మధ్యలో ఉన్న ఇద్దరికే సినిమా కనిపిస్తుంది, మిగిలినవారికి మెరుపు మాత్రమే కనిపిస్తుంది. అందుచేత ఇంటిల్లిపాదీ చూడటమే ఉద్దేశమైతే, కేవలం సినిమాల కోసం ల్యాప్‌టాప్ కొననే వద్దు. ఉన్న టీవీకి హెచ్‌డీఎంఐ రంధ్రం ఉంటే, అందులో పెట్టే చిన్న స్ట్రీమింగ్ స్టిక్ కొన్ని వేల రూపాయలకే దొరుకుతుంది.

ల్యాప్‌టాప్ కొనడం సబబయ్యేది ఇంట్లో చదువుకునే బిడ్డ ఉన్నప్పుడు, లేదా లెక్కలు రాసుకునే వ్యాపారం ఉన్నప్పుడు. పగలు పనికి, సాయంత్రం చూడటానికి అదే ఉపయోగపడుతుంది. అలాంటప్పుడు కూడా హెచ్‌డీఎంఐ రంధ్రం ఉన్న ల్యాప్‌టాప్‌నే ఎంచుకోండి. ఒక్క తీగతో అది టీవీకి అతుకుతుంది, అందరూ కలిసి చూడగలుగుతారు.

తెరను ఎలా పరీక్షించాలి?

దుకాణంలో వరుసగా పేర్చిన ల్యాప్‌టాప్‌ల మీద రంగురంగుల పువ్వులు, పగడపు దిబ్బలు కదులుతూ ఉంటాయి. ప్రతి తెరా అందంగా కనిపించేలా తీసిన దృశ్యాలవి. వాటిని చూసి నిర్ణయించకండి. రాత్రివేళ జరిగే ఒక సన్నివేశాన్ని పెట్టి చూపించమనండి. నల్లని రంగు నల్లగానే ఉందా, బూడిద రంగుకు తిరిగిందా? చీకటిలో నిలుచున్న మనిషి ముఖం పోల్చుకోగలుగుతున్నామా? తర్వాత ఒక పక్కకు జరిగి చూడండి, తెరను కొంచెం వెనక్కు వంచి చూడండి. రంగులు పాలిపోయినా, తిరగబడినట్లు కనిపించినా అది పాతరకం టీఎన్ తెర అయివుంటుంది. ఐపీఎస్ రకం తెరలో పక్క నుండి చూసినా రంగులు అంతగా మారవు. ఇద్దరు కలిసి చూడాలంటే ఇది తప్పనిసరి.

స్పష్టత విషయంలో 1920×1080, అంటే ఫుల్ హెచ్‌డీ ఉంటే చాలు. 1366×768 తెరలు ఇంకా కొన్ని చవక రకాల్లోనూ, పాతవాటిలోనూ కనిపిస్తాయి. వాటిని వదిలేయండి. ఇంత చిన్న తెర మీద 4కే కోసం ఎక్కువ పెట్టనవసరం లేదు. కూర్చునే దూరం నుండి ఆ తేడాను కన్ను పెద్దగా పట్టుకోలేదు, బ్యాటరీ మాత్రం త్వరగా అయిపోతుంది.

వెలుతురును నిట్స్ అనే కొలతలో చెబుతారు. 250 నిట్స్ తెర దీపాలార్పిన గదిలో సరిపోతుంది. పగటివేళ కిటికీలు తెరిచి ఉంచే ఇంట్లో 300 నిట్స్, అంతకు పైన ఉండటం మంచిది. రంగుల విషయంలో ఒక మాటను గుర్తుపెట్టుకోండి: వివరాల పట్టికలో "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటే ఆ తెర ఎరుపును ఇటుక రంగుగా, పచ్చదనాన్ని వాడినట్లుగా చూపిస్తుంది. "100 శాతం ఎస్ఆర్‌జీబీ" అని ఉన్నది మేలైనది. ఓఎల్ఈడీ తెరలో చీకటి నిజంగా చీకటిగా ఉంటుంది, సినిమాకు దాన్ని మించినది లేదు. అయితే ఒకే బొమ్మ గంటల తరబడి నిలిచి ఉంటే దాని మచ్చ తెర మీద మిగిలిపోయే ప్రమాదం ఉంది, ధర కూడా ఎక్కువ.

144 హెర్ట్‌జ్ అన్న మాటకు మురిసిపోవద్దు. సినిమాలను సాధారణంగా సెకనుకు 24 బొమ్మల చొప్పున తీస్తారు. వేగం ఆటలాడేవారికి పనికొస్తుంది, సినిమా చూసేవారికి 60 హెర్ట్‌జ్ సరిపోతుంది.

లోపలి యంత్రం ఎంత కావాలి?

సినిమా ప్రదర్శించడం నేటి ప్రాసెసర్లకు కష్టమైన పని కాదు. వీడియోను విప్పిచూపే ప్రత్యేకమైన భాగం వాటిలోనే ఉంటుంది. తెలుసుకోవలసినది ఒక్కటే: ఆ భాగం కొత్త వీడియో పద్ధతులను గుర్తించగలదా? 2018లో వెలువడిన ఏవీ1 అనే పద్ధతిని యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ వంటి సంస్థలు వాడుతున్నాయి. తక్కువ డేటాతో మంచి బొమ్మను ఇస్తుందది. ఇంటెల్‌లో 11వ తరం కోర్ ప్రాసెసర్ల నుండి, ఏఎమ్‌డీలో రైజెన్ 6000 వరుస నుండి, ఆపిల్‌లో ఎమ్3 నుండి దీన్ని విప్పే భాగం ఉంది. అది లేని యంత్రంలో ఆ భారమంతా ప్రాసెసరు మీద పడుతుంది. యంత్రం వేడెక్కుతుంది, ఫ్యాను మోగుతుంది, బ్యాటరీ తరిగిపోతుంది. ఏఎమ్‌డీ పేర్లలో ఒక చిక్కుంది. 7030 వరుస అంకెలో పెద్దదే అయినా లోపల ఉన్నది పాత నిర్మాణమే, ఏవీ1 విప్పే భాగం అందులో లేదు.

8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉంటే చదువుకూ, సినిమాకూ సరిపోతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. ఆ కార్డుకు పెట్టే సొమ్ముతో మంచి తెర కొనవచ్చు.

బ్యాటరీ పన్నెండు గంటలు వస్తుందన్న ప్రకటనను అలాగే నమ్మవద్దు. తెర వెలుతురును బాగా తగ్గించి కొలిచిన లెక్కలవి. వాట్-అవర్ అంకె అడగండి. 42 వాట్-అవర్ బ్యాటరీ ఉన్న యంత్రం వీడియో చూసేటప్పుడు 7 వాట్లు వాడితే 6 గంటలు వస్తుంది, 10 వాట్లు వాడితే 4 గంటలకు కొంచెం పైన. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకిన తర్వాత విశాఖ ఎన్ని రోజులు చీకటిలో ఉందో ఆ రోజుల్లో అక్కడ నివసించినవారికి గుర్తుండే ఉంటుంది. యూఎస్‌బీ-సీ ద్వారా ఛార్జయ్యే యంత్రమైతే విడి ఛార్జరు, పవర్ బ్యాంకు దొరకడం సులభం.

చెవి సంగతి

తెర నాణ్యత మీద చూపే శ్రద్ధలో సగమైనా మాటల స్పష్టత మీద చూపరు చాలామంది. ల్యాప్‌టాప్ స్పీకర్లు ఎక్కువగా అడుగుభాగంలో ఉంటాయి. పరుపు మీద, ఒడిలో పెట్టుకుంటే ధ్వని అణగిపోతుంది, గాలి వెళ్లే దారి కూడా మూసుకుపోతుంది. గట్టి బల్ల మీద పెడితే అదే స్పీకరు ఎంతో స్పష్టంగా పలుకుతుంది. కీబోర్డుకు ఇరువైపులా, పై ముఖంగా ఉన్న స్పీకర్లు మేలు. దుకాణంలో పాట పెట్టించుకుని వినకండి. మెల్లగా మాట్లాడుకునే సన్నివేశం పెట్టించి, పైన ఫ్యాను తిరుగుతూ ఉండగా మాటలు అర్థమవుతున్నాయో లేదో వినండి. రెండు చిన్న స్పీకర్ల మీద ఎంత పెద్ద పేరు అచ్చువేసినా అవి సినిమా హాలు కాలేవు. హెడ్‌ఫోన్ రంధ్రం తప్పక ఉండాలి. ఇంట్లో నిద్రపోయేవారి పట్ల, నమాజు చేసుకునేవారి పట్ల, చదువుకునేవారి పట్ల అది కనీస మర్యాద.

ఉప్పుగాలి అనే శత్రువు

హార్బర్ పక్కన నిలబడి తలెత్తితే దర్గా కొండ, దాని పక్కనే రాస్ హిల్ చర్చి, వేంకటేశ్వరుని కొండ కనిపిస్తాయి. ఆ కొండల చుట్టూ అల్లుకున్న పాత పట్టణపు ఇళ్లలో కిటికీ చువ్వలు ఎంత త్వరగా తుప్పుపడతాయో అక్కడివారికి తెలుసు. చువ్వను తినే గాలే ల్యాప్‌టాప్‌నూ తింటుంది.

దీని వెనుక ఉన్న కారణం సరళమైనది. సముద్రపు గాలిలో కంటికి కనబడని ఉప్పు కణాలుంటాయి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని తానే నీరవుతుంది. విశాఖలో తేమ ఆ హద్దును తరచుగా దాటుతుంది. ల్యాప్‌టాప్ ఫ్యాను బయటి గాలిని లోపలికి లాగినప్పుడల్లా ఆ ఉప్పు, దానితో పాటు ఓడరేవు ప్రాంతపు దుమ్ము సర్క్యూట్ బోర్డు మీద పేరుకుంటాయి. ఉప్పునీటి పొరలో విద్యుత్తు పారితే రాగి మీద పచ్చని చిలుము పడుతుంది. ఒకనాడు యంత్రం ఉన్నట్టుండి ఆగిపోతుంది. సాధారణంగా వారంటీ ఇలాంటి తుప్పుకు వర్తించదు.

కనుక తీరప్రాంతపు ఇళ్లకు మేము చెప్పేది ఇది. ఫ్యాను లేకుండా పనిచేసే ల్యాప్‌టాప్‌లు కొన్ని ఉన్నాయి. సినిమాలకూ, మామూలు చదువుకూ అవి చాలు. లోపలికి గాలిని లాగవు కనుక ఉప్పు చేరడం తగ్గుతుంది. ఫ్యాను ఉన్నదే కొంటే దాన్ని సముద్రం వైపు కిటికీ దగ్గర పెట్టకండి. పని ముగిసి చల్లబడిన తర్వాత సంచిలో పెట్టి, బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు అందులో వేయండి. వారానికోసారి మెత్తని గుడ్డను నీటిలో ముంచి గట్టిగా పిండి, ఆపివేసిన యంత్రం పైభాగాన్ని తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి. నెలల తరబడి మూసి ఉంచడం కంటే అప్పుడప్పుడు వాడటమే మేలు. నడిచేటప్పుడు పుట్టే కొద్దిపాటి వేడి లోపలి తేమను ఆర్పుతుంది. ఏ కంపెనీదైనా సర్వీసు కేంద్రం మీ ఊళ్లో ఉందో లేదో కొనే ముందే తెలుసుకోండి.

చందా, డేటా, డౌన్‌లోడు

యంత్రం కొన్నంత మాత్రాన ఖర్చు ముగియదు. ఫోనులో చూసుకుంటున్న చందా ల్యాప్‌టాప్‌లో పనిచేస్తుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో 149 రూపాయలకు ఇచ్చే మొబైల్ చందా ఫోను, ట్యాబ్లెట్‌లకే పరిమితం. ఇతర సంస్థల్లో కూడా మొబైలుకు మాత్రమే చెల్లే చందాలున్నాయి. ముందుగా మీ చందా షరతులు చదవండి.

డేటా లెక్క కూడా చూడండి. నెట్‌ఫ్లిక్స్ స్వయంగా చెప్పే అంకెల ప్రకారం హెచ్‌డీ నాణ్యతతో చూస్తే గంటకు 3 జీబీ వరకు, మధ్యస్థ నాణ్యతతో 0.7 జీబీ ఖర్చవుతుంది. రెండున్నర గంటల సినిమాకు మొదటి పద్ధతిలో 7.5 జీబీ, రెండో పద్ధతిలో 1.75 జీబీ. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ఫోను ప్యాకును ల్యాప్‌టాప్‌కు పంచుకుని చూడాలనుకునేవారు సెట్టింగుల్లో మధ్యస్థ నాణ్యతను ఎంచుకోక తప్పదు. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉన్నవారికి ఈ బెంగ లేదు. ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్ వేగం చాలు.

వేటకు వెళ్లేటప్పుడు బోటు మీదకు ల్యాప్‌టాప్ తీసుకువెళ్లి సినిమాలు చూడవచ్చుననుకునేవారికి ఒక హెచ్చరిక. తీరం దాటి కొంతదూరం వెళ్లగానే సిగ్నలు ఉండదు. ముందే డౌన్‌లోడు చేసుకోవాలి. ఆ సదుపాయాన్ని చాలా సంస్థలు ఫోను, ట్యాబ్లెట్ యాప్‌లకే ఇస్తున్నాయి. నెట్‌ఫ్లిక్స్ 2024లో తన విండోస్ యాప్ నుండి డౌన్‌లోడును తొలగించింది. కనుక సముద్రం మీదకు ఫోను చాలు, ల్యాప్‌టాప్ ఇంట్లో పిల్లల చదువుకు ఉండనివ్వండి. ఉప్పునీటి తుంపర దానికి సరిపడదు కూడా.

పెన్‌డ్రైవులో సినిమాలన్నీ వేసి ఇస్తామనేవారిని నమ్మవద్దు. అది ఒకరి కష్టార్జితాన్ని దొంగిలించడమే కాక, వైరస్‌ను ఇంటికి ఆహ్వానించడం కూడా.

పాతది కొనేవారికి, వాయిదాల్లో కొనేవారికి

వాడిన ల్యాప్‌టాప్ కొనడం పొదుపైన మార్గమే. అయితే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 నడవాలంటే ఇంటెల్‌లో 8వ తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసరు కావాలి. అంతకంటే పాతది ఎంత చవకగా వచ్చినా అందులో బ్యాంకు పనులు చేయడం క్షేమం కాదు. తీరప్రాంతంలో వాడినదైతే యూఎస్‌బీ, ఛార్జరు రంధ్రాల్లోకి దీపం వేసి చూడండి. పచ్చని మచ్చ కనిపిస్తే వెనుదిరగండి.

ఇక వాయిదాలు. వడ్డీకి దూరంగా ఉండదలచిన మన కుటుంబాలను "నో కాస్ట్ ఈఎంఐ" అనే మాట సులభంగా ఆకర్షిస్తుంది. అయితే క్రెడిట్ కార్డు మీద ఇచ్చే ఇలాంటి పథకాల్లో సాధారణంగా బ్యాంకు వడ్డీ వేస్తుంది, దానికి సమానమైన మొత్తాన్ని అమ్మకందారు ధరలో తగ్గిస్తాడు. కార్డు లెక్కల పట్టీలో వడ్డీ అనే వరుస, ఆ వడ్డీ మీద జీఎస్టీ కనిపిస్తాయి. ప్రాసెసింగ్ రుసుము కూడా ఉండవచ్చు. ఆ ఒప్పందం తమకు సమ్మతమో కాదో తెలిసినవారిని అడిగి, కాగితం పూర్తిగా చదివి తేల్చుకోవాలి. ఒకేసారి చెల్లిస్తే ఎంత తగ్గిస్తారని కూడా అడగండి.

వాయిదాల విషయంలో హార్బర్ నేర్పిన పాఠం ఒకటుంది. 2023 నవంబరు 19 రాత్రి అక్కడ చెలరేగిన అగ్నిప్రమాదంలో పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. ముందురోజు వరకు బోటే ఆస్తి, బోటే బ్యాంకు. తెల్లవారేసరికి రెండూ లేవు. ఆపద చెప్పి రాదు. సంపాదన ఆగే కాలం ముందే తెలిసిన ఇంట్లో, ఆ కాలంలో తీర్చవలసిన వాయిదాను నెత్తిన పెట్టుకోవడం వివేకం కాదు. నిషేధ కాలంలో సినిమాలు చూడాలని కోరిక పుడుతుంది గానీ, దానికి సొమ్ము కూడబెట్టవలసినది వేట సాగే నెలల్లోనే.

తెరకు ఇంట్లో ఒక చోటు

విశాఖలో జగదాంబ జంక్షన్‌కు ఆ పేరు ఒక సినిమా థియేటరు వల్ల వచ్చింది. ఒకనాడు సినిమా అంటే నలుగురూ కలిసి నడిచి వెళ్లి, కలిసి చూసి, దారిపొడవునా మాట్లాడుకుంటూ తిరిగి వచ్చేది. తెర ఒడిలోకి వచ్చాక ఆ మాటలు తగ్గిపోయాయి. ఒకే ఇంట్లో నలుగురు నాలుగు మూలల్లో, చెవులు మూసుకుని, నాలుగు కథలు చూస్తున్నారు.

కొనే యంత్రం ఏదైనా దానికి ఇంట్లో ఒక చోటు నిర్ణయించండి. అది పడకగది కాకుండా అందరూ తిరిగే గది అయితే మంచిది. పిల్లలకు వేరే ప్రొఫైలు పెట్టి, వయసుకు తగని వాటికి తాళం వేయండి. ఈ సదుపాయం ప్రధాన సంస్థలన్నింటిలోనూ ఉంది. అయితే పక్కన కూర్చున్న తల్లి, తండ్రి కంటే గట్టి తాళం ఏదీ లేదు. వారానికి ఒక సాయంత్రం హెచ్‌డీఎంఐ తీగను టీవీకి తగిలించి అందరూ ఒకే కథ చూడండి. ముగిశాక దాని గురించి మాట్లాడుకోండి. దీర్ఘంగా సాగే 61 రోజుల్లో తండ్రికీ బిడ్డలకూ మధ్య పెరిగే ఆ మాటలు ఏ దుకాణంలోనూ దొరకవు.